వీణ బిరడ మాట వినాలంటే: చెక్క బిరడను సరిచేయడం నుంచి గేరు కీలు బిగించడం దాకా

వీణ శ్రుతి నిలవడం లేదని ఎవరితో అన్నా వెంటనే వచ్చే సలహా ఒకటుంది: "ఇంకా ఆ చెక్క బిరడలేంటండీ, తీసేసి గిటార్ కీలు పెట్టించేయండి." బిరడ అంటే తీగ బిగించడానికి తిప్పే చెక్క మేకు, గిటార్ కీ అంటే అదే పని గేరుతో చేసేది. పెట్టించుకోవచ్చు, తప్పేం లేదు, ఎలా పెట్టించాలో కింద వివరంగా రాస్తాను కూడా. కానీ కీలు పెట్టించాక కూడా "అదేంటో, మళ్లీ దిగిపోతోంది" అని తల పట్టుకునేవాళ్లున్నారు, ఎందుకంటే వాళ్ల వీణలో జారుతున్నది అసలు బిరడ కాదు. తీగ ముడి జారుతుండొచ్చు, మేరువు (బిరడల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడిలో తీగ ఇరుక్కుంటుండొచ్చు, లేదా ఉత్తి ఏసీ గాలే కారణం కావచ్చు. గేరు వీటిలో దేన్నీ బాగుచేయదు. అందుకే ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి, తర్వాత ఉన్న చెక్క బిరడనే సరిచేసి చూడాలి, అప్పటికీ సరిపోకపోతేనే డ్రిల్లు బయటికి తీయాలి. నేను చెప్పే వరుస ఇదే.

రాసేదంతా వీణను దృష్టిలో పెట్టుకునే. తంబురాకి, వయొలిన్‌కి చాలావరకు ఇదే వర్తిస్తుంది. పియానో కూడా ఒక రకంగా ఈ కుటుంబమే, దాని సంగతి చివర్లో.

అసలు కష్టం ఎక్కడుంది

బిరడ తిప్పితే శ్రుతి "ఎగిరిపడుతుంది" అని అందరూ అంటారు. ఎందుకు ఎగిరిపడుతుందో ఒక చిన్న లెక్క చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

వీణలో మొదటి తీగ సారణిని మూడు శ్రుతికి, అంటే దాదాపు 165 హెర్ట్‌జ్‌కి బిగించారనుకోండి. మోగే భాగం 80 సెంటీమీటర్ల పైచిలుకు, గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) వెనక ముక్క, మేరువు ఇవతల ముక్క అన్నీ కలుపుకుంటే తీగ మొత్తం ఒక మీటరు చిల్లర. అంత పొడుగు ఉక్కు తీగ ఆ శ్రుతికి రావడానికి సాగేది మొత్తం సుమారు 3 మిల్లీమీటర్లే. ఒక స్వరస్థానం పెరగాలంటే, అంటే స నుంచి శుద్ధ రిషభం దాకా వెళ్లాలంటే, మూడోవంతు మిల్లీమీటరు కాస్త దాటి లాగితే చాలు. బిరడ మీద తీగ చుట్టుకునే చోట మందం 8 మిల్లీమీటర్లు ఉంటే ఒక పూర్తి చుట్టుకి 25 మిల్లీమీటర్ల తీగ లోపలికి వస్తుంది. అంటే ఒక స్వరస్థానానికి బిరడ తిరగాల్సింది 5 డిగ్రీలు, గడియారంలో పెద్ద ముల్లు ఒక నిమిషంలో తిరిగేదానికంటే తక్కువ. ఇక ట్యూనర్ యాప్‌లో స్వరస్థానానికి 100 సెంట్లు అని లెక్కేస్తారు కదా, తంబురా పక్కన మోగుతుంటే 5 సెంట్ల తేడా కూడా చెవికి తెలిసిపోతుంది, ఆ 5 సెంట్లకి బిరడ కదలాల్సింది పావు డిగ్రీ.

పావు డిగ్రీ చేత్తో తిప్పడం అసాధ్యమేం కాదు, కానీ బిరడ నున్నగా కదిలితేనే. పట్టేసిన బిరడ ముందు కదలదు, బలం పెంచితే ఒక్కసారిగా వదిలేసి రెండు డిగ్రీలు పోతుంది. మనల్ని ఏడిపించేది ఈ పట్టడం-వదలడమే. కాబట్టి బాగుచేయడానికి ఉన్నవి రెండే దారులు, బిరడ కదలిక నున్నగా అయ్యేలా చూడటం, లేదా చెయ్యి ఎక్కువ తిరిగితే తీగ తక్కువ కదిలేలా మధ్యలో గేరు పెట్టడం.

మొదటి పని: తప్పు బిరడదేనా?

రాత్రి పడుకోబోయే ముందు వీణ శ్రుతి చేయండి. ప్రతి బిరడ మీదా, దాన్ని ఆనుకుని ఉన్న చెక్క మీదా కలిసేలా పెన్సిల్‌తో సన్నటి గీత గీయండి. పొద్దున లేచి చూడండి.

శ్రుతి దిగింది, గీత కూడా విడిపోయింది: బిరడ జారింది, నేరుగా రెండో పనికి వెళ్లండి. శ్రుతి దిగింది కానీ గీత గీసినట్టే ఉంది: బిరడకి ఏ పాపం తెలియదు, దాన్ని ఎంత రుద్దినా, మార్చినా డబ్బు దండగ. అప్పుడు వెతకాల్సిన చోట్లు ఇవి.

తీగ కొత్తదా? కొత్త తీగ మొదటి కొన్ని రోజులు దిగుతూనే ఉంటుంది, బిరడ మీది చుట్లు ఒకదానికొకటి సర్దుకుంటాయి, లంగరు (గుర్రం వెనక తీగని కట్టే మందపాటి తీగ) దగ్గర మెలిక బిగుసుకుంటుంది. తీగ మధ్యలో వేలు పెట్టి మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ లాగి, ఇలా నాలుగైదు సార్లు చేస్తే ఆ సర్దుకోవడం అప్పటికప్పుడే అయిపోతుంది. ఇత్తడి తీగలని మాత్రం సుతారంగా లాగాలి, పుటుక్కుమంటాయి.

లంగరు దగ్గర తీగ మెలిక చూడండి. మెలికలు గట్టిగా, పక్కపక్కనే పడి ఉండాలి. వదులుగా, దూరదూరంగా ఉంటే అవి కొంచెం కొంచెం విప్పుకుంటూ పోతాయి.

తర్వాత వాతావరణం. గది 10 డిగ్రీలు వేడెక్కితే ఉక్కు తీగ సాగి, లెక్క ప్రకారం సారణి శ్రుతి పాతిక సెంట్ల దాకా దిగుతుంది. చల్లటి గ్రీన్ రూమ్‌లో శ్రుతి చేసుకుని లైట్ల కింద కూర్చోగానే అన్నీ దిగిపోవడం వెనకున్నది ఇదే. దీనికి మందు లేదు, కచేరీ చేసే చోటే అరగంట ముందు వీణని పెట్టి ఉంచడమే.

రెండో పని: బిరడ తీసి దాని ముఖం చదవడం

ఒకసారికి ఒక్క తీగే వదులు చేయండి. అన్నీ ఒకేసారి వదిలేస్తే గుర్రం కదిలిపోయే ప్రమాదం ఉంది, గుర్రం జరిగితే మెట్ల మీద స్వరాలన్నీ తేడా వస్తాయి, ఇక అది వేరే పెద్ద పని. తీసిన ప్రతి బిరడకీ దాని బెజ్జం ఏదో తెలిసేలా చిన్న కాగితం అంటించండి, ఎందుకంటే వీణ బిరడలకి కంపెనీ సైజులంటూ ఉండవు, చేసినాయన ఒక్కో బిరడని ఒక్కో బెజ్జానికి సరిపోయేలా చెక్కి ఉంటాడు. సారణి బిరడ పంచమంలో పెడితే దూరొచ్చు, కానీ పట్టదు.

బిరడ కాండాన్ని వెలుతురులో తిప్పుతూ చూడండి. చెక్కకి ఆనిన చోట్ల మెరిసే పట్టీలు కనిపిస్తాయి. ప్రధాన తీగల బిరడ గూడుకి (బిరడలుండే పెట్టెకి) రెండు గోడల్లోంచీ దూరి ఉంటుంది కాబట్టి రెండు పట్టీలు ఉండాలి, రెండూ చుట్టూతా పూర్తిగా ఉండాలి. ఒకవైపు మాత్రమే మెరుస్తుంటే రెండో గోడలో బిరడ ఊరికే వేలాడుతోందని అర్థం. పట్టీ చుట్టూతా కాకుండా ఎదురెదురుగా రెండు చోట్లే ఉంటే కాండం గుండ్రతనం పోయి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఇది పనివాడి తప్పు కాదు. చెక్క ఆరినప్పుడు అన్ని వైపులా ఒకేలా కుదించుకుపోదు, వయసు వలయాల వెంబడి ఎక్కువగా, వాటికి అడ్డంగా దాదాపు అందులో సగమే కుదించుకుంటుంది, పొడవునా అసలు లెక్కలోకి రానంత తక్కువ. అందుకే బాగా గుండ్రంగా చెక్కిన బిరడ కూడా ఏళ్లు గడిచేకొద్దీ గుండ్రతనం పోగొట్టుకుంటుంది, పనస చెక్కలో బెజ్జమూ అంతే. విశాఖ తేమలో పెరిగిన వీణని హైదరాబాద్ ఎండాకాలానికో, డాలస్‌లో హీటర్ నడిచే శీతాకాలానికో తీసుకెళ్తే ఈ మార్పంతా కొన్ని వారాల్లోనే కనబడుతుంది.

కంటికి సరిగ్గా తెలియకపోతే సుద్ద పరీక్ష చేయండి. కాండం అంతా సుద్దముక్కతో తెల్లగా పూసి, బెజ్జంలో పెట్టి, కొంచెం నొక్కి ఒక్క చుట్టు మాత్రం తిప్పి, బయటికి తీయండి. సుద్ద చెరిగిన చోటే చెక్క తగులుతోంది. తెల్లగా మిగిలిన చోట గాలి ఉంది. బాగా కుదిరిన బిరడ మీద రెండు చోట్ల గాజు తొడిగినట్టు సమంగా చెరిగిన వలయాలు కనిపిస్తాయి. కుదరనిదాని మీద ఒక పక్క చంద్రవంకలా చెరిగి, రెండో పక్క పూసిన సుద్ద పూసినట్టే ఉంటుంది.

ఇంకోటి, తీగ దూరే బొక్క ఎక్కడుందో చూడండి. ఏళ్ల తరబడి నొక్కి నొక్కి బిరడ లోపలికి దిగిపోయి, ఆ బొక్క అవతలి గోడ దగ్గరికి చేరిపోయి ఉంటే తీగ చుట్లు గోడకీ బిరడకీ మధ్య నలుగుతాయి. అలాంటి బిరడ పట్టేసినట్టు అనిపిస్తుంది కానీ పట్టు చెక్కది కాదు, తీగది. కాండం మీద గూడు మధ్యకి వచ్చేలా కొత్త బొక్క వేస్తే, ఒకటిన్నర మిల్లీమీటరు డ్రిల్లుతో ఐదు నిమిషాల పని, సగం సమస్య పోతుంది.

మూడో పని: శుభ్రం, సుద్ద, సబ్బు

ముందు పాత జిడ్డు వదలాలి. గుడ్డకి కొంచెం స్పిరిట్ అద్ది కాండం మాత్రమే తుడవండి, బిరడ తలకీ వీణ పాలిష్‌కీ తగలనివ్వకండి, పాలిష్ లేచిపోతుంది. బెజ్జం లోపల పొడి గుడ్డని పెన్సిల్‌కి చుట్టి తిప్పండి.

కొబ్బరి నూనె, కుట్టుమిషన్ నూనె, గ్రీజు పూయకూడదు. పూసిన రోజు బ్రహ్మాండంగా తిరుగుతుంది, తర్వాత చెక్క ఆ నూనె తాగి ఉబ్బుతుంది, పైగా జారడం మొదలైతే ఆగదు. వయొలిన్ కమానుకి రాసే రోజిన్ కూడా వద్దు, అది పట్టడం-వదలడాన్ని ఇంకా పెంచుతుంది. ఇక ఫెవిక్విక్ లాంటి జిగురు బెజ్జంలో వేసే ఆలోచన ఎవరైనా చెబితే నమస్కారం పెట్టి వచ్చేయండి. పియానో పిన్నుకి అది పనికొస్తుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

పనికొచ్చేవి రెండే, సుద్ద, ఎండిపోయిన సబ్బు. సుద్ద పట్టు పెంచుతుంది, సబ్బు జారుడు పెంచుతుంది. మ్యూజిక్ షాపుల్లో వయొలిన్ బిరడలకని అమ్మే పేస్టు కూడా ఈ రెండు గుణాలనూ కలిపే పదార్థమే, దొరికితే అది ఇంకా శుభ్రంగా ఉంటుంది. లేకపోతే బట్టల సబ్బు బాగా ఎండిన ముక్క తీసుకుని, మెరిసే పట్టీలున్న రెండు చోట్లా ఒక గీత గీయండి, దాని మీద సుద్దతో రెండు మూడు గీతలు. బిరడ పెట్టి ఓ పది చుట్లు అటూ ఇటూ తిప్పండి. జారుతుంటే ఇంకొంచెం సుద్ద, కిర్రుమంటుంటే ఇంకొంచెం సబ్బు. ఎంత వేయాలో చెయ్యే చెబుతుంది: తిప్పేటప్పుడు వెన్నలా కాకుండా మైనంలో తిరుగుతున్నట్టు, ఎక్కడా కుదుపు లేకుండా రావాలి, చెయ్యి తీస్తే అక్కడే నిలవాలి.

కాండం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే సుద్దా సబ్బూ తాత్కాలికమే. కాండాన్ని ఇంట్లో కొంతవరకు సవరించుకోవచ్చు: సుద్ద చెరిగిన ఎత్తు చోట్ల మాత్రమే 400 నంబరు శాండ్ పేపర్‌తో రెండు మూడు సార్లు రుద్దడం, మళ్లీ సుద్ద పరీక్ష, మళ్లీ రుద్దడం. ఓపిక కావాలి, ఎక్కువ రుద్దితే బిరడ ఇంకా లోపలికి పోతుంది. బెజ్జం జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. వేలికి శాండ్ పేపర్ చుట్టి బెజ్జంలో తిప్పితే అంచులు కోసుకుపోయి గరాటులా తయారవుతుంది, ఆ తర్వాత ఏ బిరడా అందులో సరిగ్గా కూర్చోదు. బెజ్జానికి కావాల్సింది దాన్ని లోపల తొలిచే, కోసుగా ఉండే రీమర్, అదే కోణంలో బిరడని చెక్కే షేపర్, రెండూ జంటగా ఉండాలి. వయొలిన్‌కైతే ఈ కోణం 30కి 1 అని స్థిరపడిపోయింది, అంటే 30 మిల్లీమీటర్ల పొడుగులో మందం 1 మిల్లీమీటరు తగ్గుతుంది, కాబట్టి పనిముట్లు దొరుకుతాయి. వీణకి అలాంటి నియమం లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనో, నూజివీడులోనో వీణలు చేసేవాళ్ల చేతికే ఆ పని ఇవ్వడం మంచిది, పాత బెజ్జాన్ని సవరించి కొత్త బిరడలు చెక్కించుకుంటే, నిజం చెప్పాలంటే, చాలామందికి గేరు అవసరమే రాదు.

నాలుగో పని: తీగ చుట్టడం

ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ శ్రుతి నిలవని వీణల్లో నేను మొదట చూసేది ఇక్కడే. తీగ కొనని బొక్కలో దూర్చి, కొన మీదుగా మొదటి చుట్టు వేసి నొక్కేయాలి, దాంతో కొన జారదు. ఆ తర్వాత చుట్లు పక్కపక్కనే, బిరడ తల ఉన్న గోడ వైపుగా సాగాలి. అలా సాగితే తీగ లాగుడు బిరడని లోపలికి, అంటే బిగుసుకునే వైపు లాగుతుంది. రెండో వైపుకి చుడితే అదే తీగ బిరడని కొంచెం కొంచెంగా బయటికి తోస్తుంది. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. నాలుగైదు చుట్లు చాలు. పది పన్నెండు చుట్లు వేస్తే సర్దుకోవాల్సిన తీగ అంతా అక్కడే ఉండి రోజూ దిగుతుంది. చివరి చుట్టు మాత్రం తల వైపు గోడకి రాసుకోకుండా చిన్న సందు మిగల్చండి.

తిప్పేటప్పుడు బిరడని గూడులోకి కొంచెం నొక్కుతూ తిప్పాలి. శ్రుతికి ఎప్పుడూ కింద నుంచి పైకి రావాలి. ఎక్కువైతే బాగా దించి మళ్లీ ఎక్కించాలి, పై నుంచి దించుతూ అక్కడే ఆపితే మేరువు దగ్గర తీగలో మిగిలిపోయిన లాగుడు వాయిస్తుంటే విడుదలై శ్రుతి మళ్లీ కదులుతుంది. అన్నట్టు మేరువు గాడుల్లో, గుర్రం దాటి తీగ వంగే చోట, మెత్తటి పెన్సిల్ ముల్లు నాలుగు సార్లు గీయండి. బిరడ తిప్పినప్పుడు ముందు ఏమీ మారక, తర్వాత "టిక్" మని చప్పుడొచ్చి శ్రుతి ఎగిరితే, ఆ టిక్ బిరడది కాదు, మేరువుది.

ఐదో పని: లంగరుని వాడుకోండి

వీణలో సూక్ష్మంగా శ్రుతి సవరించే ఏర్పాటు పూర్వం నుంచే ఉంది, చాలామంది పట్టించుకోరు. గుర్రం వెనక నాగపాశానికి (వీణ చివర తీగలు కట్టే లోహపు పట్టీకి) తగిలించిన మందపాటి తీగలే లంగరులు, వాటి మీద జరిగే ఉంగరాలుంటాయి. ఉంగరం జరిపితే లంగరు తీగలు దగ్గరికి నొక్కుకుని అసలు తీగ వెంట్రుకవాసి లాగబడుతుంది. ఏ వైపు జరిపితే పెరుగుతుందో మీ వీణకి ఒకసారి జరిపి చూసుకోండి. పద్ధతి ఏంటంటే, తీగ ఎక్కించే ముందే ఉంగరాన్ని మధ్యలో పెట్టుకోవాలి, బిరడతో 10 సెంట్ల దగ్గరకి తెచ్చి ఆపేయాలి, మిగతాది ఉంగరంతో. ఉంగరం ఒక కొసకి వెళ్లిపోయి ఉంటే అటువైపు ఇంక సవరించడానికి చోటుండదు. ఉంగరాలు తుప్పు పట్టి కదలకపోతే తీసి సన్నటి శాండ్ పేపర్‌తో రుద్దండి, మరీ పాడైతే లంగరులు కొత్తవి వేయించండి, వీణకి పెట్టే ఖర్చుల్లో ఇంత తక్కువకి ఇంత లాభం ఇచ్చేది ఇంకోటి లేదు. తంబురాలో ఈ పని పూసలు చేస్తాయి, వయొలిన్‌లో తోక దగ్గరుండే చిన్న స్క్రూలు చేస్తాయి.

ఆరో పని: ఇక గేరు

పైవన్నీ చేశాక కూడా చేతుల్లో బలం లేకనో, తరచూ ప్రయాణాల వల్లనో, పిల్లలు వాయించే వీణ కావడం వల్లనో గేరే కావాలనుకుంటే రెండు రకాలున్నాయి.

ఒకటి, చూడటానికి మామూలు బిరడలాగే ఉండి లోపల చిన్న గేర్లు దాచుకున్నది. వయొలిన్, చెల్లోల కోసం తయారైనవి. పర్ఫెక్షన్ అనే రకంలో తల నాలుగు చుట్లు తిరిగితే తీగ చుట్టుకునే భాగం ఒక చుట్టు తిరుగుతుంది, విట్నర్ అనే కంపెనీ వాళ్ల దాంట్లో ఎనిమిదిన్నర చుట్లకి ఒకటి. పైన చెప్పిన 5 డిగ్రీల స్వరస్థానం కాస్తా మొదటిదాంట్లో 20 డిగ్రీలు, రెండోదాంట్లో 40కి పైన అవుతుంది. బయటి గొట్టం బెజ్జంలో కదలకుండా బిగుసుకుంటుంది, తిరిగేది లోపలి భాగం మాత్రమే, కాబట్టి తేమకి చెక్క ఎలా మారినా తిప్పడంలో తేడా రాదు. వీణ బెజ్జాలకి వయొలిన్ సైజు సన్నం, చెల్లో సైజు చూడాలి, కొనేముందు గూడు బయటి వెడల్పు, బెజ్జం వ్యాసం కొలిచి సరిపోతుందో లేదో తేల్చుకోవాలి. రూపం చెడదు, బరువు పెరగదు. ఖరీదు మాత్రం ఎక్కువ. ఒకే మానుతో చెక్కిన పాత ఏకాండి వీణ, తాతల నాటి వీణ అయితే నేను ఇదే ఎంచుకుంటాను.

రెండోది గిటార్ కీ. పురి ఉన్న సన్నటి కడ్డీ ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. 14కి 1, 16కి 1, 18కి 1 అని నిష్పత్తులు ఉంటాయి. దీని గొప్పదనం ఏంటంటే కడ్డీ చక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం కడ్డీని తిప్పలేదు, అంటే తీగ ఎంత లాగినా కీ వెనక్కి జారదు. బిగించే పద్ధతి చెప్తాను, చేసేది మీరైనా వడ్రంగి అయినా దగ్గరుండి చూసుకోండి.

ముందు ప్రధాన తీగలు నాలుగింటికే చేయండి. తాళం తీగలని మీటడమే తప్ప వాటి మీద గమకాలేవీ లాగం కదా, వాటికి చెక్క బిరడలే హాయిగా నడుస్తాయి. గిటార్ కీలు కొనేటప్పుడు ఒక పక్కకి మూడు, రెండో పక్కకి మూడు ఉన్న సెట్ అడగండి, ఒకే వైపుకి ఆరు ఉండే సెట్ వద్దు, వీణ గూడుకి రెండు పక్కలా రెండేసి కావాలి కాబట్టి. మిగిలిన రెండూ స్పేరు. పూర్తిగా మూసి ఉండే రకం ఒక్కోటి 40 గ్రాముల దాకా తూగుతుంది, నాలుగు పెడితే యాళి (వీణ కొసన చెక్కే మృగం తల) వైపు భారం తెలుస్తుంది. గేర్లు బయటికి కనిపించే తేలిక రకం చూడండి.

కొన్నాక కాగితం మీద గూడు గోడని అసలు సైజులో గీసుకుని కీలని దాని మీద పెట్టి చూడాలి. పక్కపక్క కీల ప్లేట్లు ఒకదానికొకటి తగలకూడదు, చెవులు తిప్పినప్పుడు యాళి చెక్కడానికి వేళ్లు కొట్టుకోకూడదు, గూడు లోపల నిలువుకడ్డీ మీది తీగ బొక్క గోడకి దూరంగా ఖాళీలోకి రావాలి, మేరువు నుంచి వచ్చే తీగ ఇంకో కీని రాసుకోకుండా నేరుగా దాని కడ్డీకి చేరాలి. ఇక్కడ అరగంట ఎక్కువ పోయినా పర్వాలేదు, డ్రిల్లు దిగాక వెనక్కి రాదు.

పాత బెజ్జం కోసుగా, కీకి కావాల్సినదానికంటే పెద్దగా ఉంటుంది, కాబట్టి ముందు దాన్ని మూయాలి. పనస చెక్కతోనే మూత చెక్కించండి, దాని పోగు గోడ పోగు ఏ దిశలో ఉందో అదే దిశలో ఉండాలి. మామూలుగా కర్ర ముక్క కొట్టేస్తే పోగు అడ్డంగా పడి, వాతావరణం మారినప్పుడు మూత ఒక రకంగా గోడ ఒక రకంగా కదిలి సందు వస్తుంది. చెక్క జిగురు పూసి దించి ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, పొడుచుకొచ్చినది సమం చేయాలి.

బెజ్జం సైజు మీరు కొన్న కీని కొలిచే నిర్ణయించాలి, కొన్నిటికి 8, కొన్నిటికి 10 మిల్లీమీటర్లు. ముందు 3 మిల్లీమీటర్లతో దారి వేసి, తర్వాత మెట్లు మెట్లుగా పెంచాలి. డ్రిల్లు గోడకి నిట్టనిలువుగా ఉండాలి. లోపలి వైపు ఒక చెక్కముక్క ఆనించి పెట్టకపోతే అవతలి అంచు పెళ్లలుగా లేస్తుంది. బుష్ (బెజ్జంలో కూర్చునే చిన్న లోహపు వలయం) నొక్కి, కీ దూర్చి, ప్లేట్ తిన్నగా పెట్టి మరలకి సన్నటి దారి బెజ్జాలు వేసి, మరకి కొంచెం సబ్బు రాసి బిగించండి. దారి వేయకుండా మర తిప్పితే అంచు దగ్గర పనస చెక్క చీలుతుంది.

చెక్క బిరడకి రెండు గోడల ఆసరా ఉండేది, గిటార్ కీకి ఒక్క గోడే కదా, తట్టుకుంటుందా అని అడుగుతారు. తట్టుకుంటుంది. వీణ సారణి మీద లాగుడు ఆరేడు కిలోలు, గిటార్ తీగలు అంతకంటే ఎక్కువ లాగుతాయి, ఆ కీ వాటి కోసమే చేసింది.

గేరు కీల మీద తీగ రెండు మూడు చుట్లు చాలు. గేరు పళ్ల మధ్య ఎప్పుడూ కొంచెం ఖాళీ ఉంటుంది, అందుకే ఇక్కడా కింద నుంచి పైకే రావాలి, పై నుంచి దించి ఆపితే ఆ ఖాళీ అంత శ్రుతి తర్వాత జారుతుంది.

పియానో ఎందుకు గేరు పెట్టుకోలేదు

ఇన్ని గేర్లు చెప్పాక ఒక వింత. పియానోలో 220కి పైగా తీగలుంటాయి, ఒక్కోదాని మీద 70 కిలోలకి అటూ ఇటూ లాగుడు, మొత్తం కలిపితే 15 టన్నులు దాటుతుంది. దాన్ని మోయడానికి పోత ఇనుప చట్రం కావాల్సి వచ్చింది, 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా చేసిన చట్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంత భారం ఉన్నా ప్రతి తీగనీ పట్టుకునేది 7 మిల్లీమీటర్ల ఉక్కు పిన్ను, అది పొరలు పొరలుగా అతికించిన మేపుల్ చెక్కలో ఉత్తి ఒరిపిడితో నిలబడి ఉంటుంది. మన బిరడ సూత్రమే. మేసన్ అండ్ హామ్లిన్ అనే పియానో కంపెనీ వాళ్లు 1880ల్లో స్క్రూతో తీగ బిగించే ఏర్పాటు తెచ్చారు, కొన్నేళ్లు అమ్మారు, తర్వాత మళ్లీ పిన్నుకే వచ్చేశారు. రెండువందల పైచిలుకు స్క్రూల ఖర్చు, బరువు అంతా కలిపి చూస్తే మంచి చెక్కలో మంచి పిన్ను చాలు.

అమెరికాలో మనవాళ్లు చాలామంది పిల్లల క్లాసుల కోసం ఎవరో ఉచితంగా ఇచ్చే పాత పియానో ఇంటికి తెచ్చుకుంటారు, ట్యూనర్ వచ్చి పిన్నులు వదులయ్యాయి, శ్రుతి నిలవదు అంటాడు. అక్కడ సూపర్‌గ్లూ జాతి పల్చటి జిగురు నిజంగానే పనిచేస్తుంది: పిన్ను మొదట్లో కొన్ని చుక్కలు వేస్తే అది చెక్క సందుల్లోకి పాకి గట్టిపడి బెజ్జాన్ని బిగుతు చేస్తుంది. పిన్ను ఉక్కుది, ట్యూనర్ దాన్ని పొడవాటి పిడి ఉన్న పనిముట్టుతో తిప్పుతాడు, అదీ ఏడాదికి ఒకటి రెండు సార్లు, కాబట్టి జిగురు ఇబ్బంది పెట్టదు. వీణ బిరడ చెక్కది, రోజూ వేళ్లతో తిప్పాలి, అక్కడ అదే జిగురు వేస్తే బిరడ శాశ్వతంగా అతుక్కుంటుంది లేదా గాజుముక్కలా కిర్రుమంటుంది. జిగురుతో లొంగని పియానో పిన్నుని తీసి ఒక సైజు లావుది కొడతారు, వీణకి లావు బిరడ చెక్కించినట్టే. ఈ జిగురు పని కూడా తెలిసిన టెక్నీషియన్‌తోనే చేయించండి, పొగ కళ్లు మండిస్తుంది, చుక్క పక్కకి పడితే మరక పోదు.

చేసింది చెడకుండా

గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే చెక్క బిరడలు ఏళ్ల తరబడి ఏమీ అడగవు. పది పదిహేను డాలర్ల హైగ్రోమీటర్ ఒకటి వీణ పెట్టె దగ్గర పెట్టుకోండి. హీటర్ వేసే నెలల్లో అది 30 కిందికి దిగితే హ్యుమిడిఫయర్ వేయండి, లేదా పెట్టెలో తేమ పట్టి ఉంచే ప్యాకెట్లు పెట్టండి. ఆ రోజుల్లో తీయగానే ముందు ప్రతి బిరడనీ ఒకసారి లోపలికి నొక్కి చూసుకోవాలి, కుదించుకుపోయి వదులైన బిరడ ఒక్కసారిగా తిరిగిపోతే తీగ ఎగిరి తగులుతుంది. అదే వానాకాలంలో ఉబ్బి కదలని బిరడని పట్టకారుతో తిప్పకండి, తల విరిగి చేతిలోకి వస్తుంది. గూడు అవతలి వైపు బయటికి కనిపించే కాండం కొసకి చెక్కముక్క ఆనించి మెల్లగా తడితే వదులుతుంది.

విమానంలో పంపేటప్పుడు తీగలని పూర్తిగా వదలొద్దు, రెండు మూడు స్వరస్థానాలు దించితే చాలు. గుర్రం కదలదు, దండి (వీణ పొడవాటి మెడ) మీద భారం తగ్గుతుంది. వెళ్లాక పెట్టెని ఒక రోజు తెరవకుండా ఆ గదిలోనే ఉంచి, తర్వాత తీసి, లావు తీగ అనుమంద్రం నుంచి మొదలుపెట్టి ఒక్కో తీగా ఎక్కించుకుంటూ రండి. దించిన తీగల మీద లంగరు ఉంగరాలు జారి పెట్టెలో ఎక్కడో పడిపోతుంటాయి కాబట్టి బయల్దేరే ముందే వాటిని ఒక దారంతో కలిపి కట్టేయండి.